ముల్లు ఆగిన చోటు

హార్షమ్ ఊరి చివర, గోధుమ సైలోల వెనక
విరిగిన కార్ల దొడ్డిలో నా పని.
పన్నెండేళ్లుగా డాష్‌బోర్డులు విప్పుతున్నాను.

పాత కార్లకు దాచడం చేతకాదు.
గుద్దుకున్న క్షణాన ముల్లు అదిరి
అంకెల పళ్లెం మీద సన్నని గీత గీస్తుంది.
భూతద్దం పెడితే కనిపిస్తుంది:
నూట ఇరవై ఎనిమిది.
ఇంకోదాంట్లో నూట యాభై రెండు.
ఒక కారులో మాత్రం గీతే లేదు.
పళ్లెం శుభ్రం, బానెట్ మీద అరచేయంత సొట్ట.
ఇక దాన్ని చూడలేనని
సొంతదారే తెచ్చి వదిలేసి నడిచి వెళ్లాడు.
పోలీసు కాగితంలో ఉంది: నలభై ఒకటి,
నలభై జోన్‌లో.
ఆ ఒక్కటి గురించి అప్పుడప్పుడూ ఆలోచిస్తాను.

కొత్త కార్లకు ముల్లు లేదు.
తెర ఆరితే అంతా ఆరినట్టే.
బదులుగా ఒక కన్నూ ఒక గొంతూ ఇచ్చారు.
హద్దు దాటితే కీచుమంటాయి.
రాబోయేవి కీచుమని ఊరుకోవట,
కాలి కింద పెడలే ఎదురు తిరుగుతుందట.

మంగళవారం రాత్రి ఫుట్‌బాల్ క్లబ్ హాల్లో
దాని మీదే పంచాయితీ.
టీ, లామింగ్టన్లు, యాభై మంది, అరవై అభిప్రాయాలు.

లెస్ ట్రెంగోవ్ టోపీ తీసి లేచాడు.
"మా పొలం దారిలో రోడ్డు పని ముగిసి మూడేళ్లు.
నా కారు ఇంకా నలభై అంటూనే ఉంది.
బోర్డు పీకారు గానీ
దాని బుర్రలోంచి ఎవరూ పీకలేదు."
అందరూ నవ్వారు.
వెరిటీ నవ్వలేదు. అంబులెన్స్ నడుపుతుంది.
సెలవు రోజున సొంత కారులో వెళ్తుంటే
బడి బస్సు వీపు మీది నలభైని
కారు దానంతటదే చదివి, నూరు మీద నుంచి తగ్గిందట.
వెనక గొర్రెల లారీ.
"ఆ హారన్ ఇంకా నా వెన్నులోనే ఉంది."

ఎద్దుకు ముకుతాడు వేసినప్పుడు
ఎద్దునెవరూ మీటింగుకు పిలవలేదు కదా
అనుకున్నాను. పైకి అనలేదు.

చివర్న నోలీన్ క్విల్టీ లేచింది.
బడి దగ్గర పిల్లల్ని రోడ్డు దాటించే మనిషి.
"మీ స్వేచ్ఛ మీద నాకేం కోపం లేదు.
నా చేతిలో ఉన్నది ఒక కర్ర, దాని చివర ఒక గుండ్రటి రేకు.
అది చూసి మీరాగుతారని నమ్మి
పిల్లల్ని రోడ్డు మీదికి దింపుతాను.
రోజుకు రెండుసార్లు నమ్మాలి.
అలసిపోయాను."
అని కూచుంది.
కప్పులు సాసర్ల మీద కదల్లేదు కాసేపు.

నిదానమే ప్రధానమన్నదీ మా భాషే,
ఆలస్యం అమృతం విషమన్నదీ మా భాషే.
నా తలలో రెండూ ఎదురెదురుగా
ఒకే లేన్‌లో వస్తున్నాయి.

నాకూ ఒక గీత ఉంది.
మావాడికి ఊపిరాడని రాత్రి
స్టావెల్ దారిలో నూట అరవై…
కాదు, అబద్ధం.
ఆ రాత్రి చేతులు వణికి నూరు కూడా దాటలేదు.
నూట అరవై కొట్టింది ఒక ఆదివారం మధ్యాహ్నం,
రోడ్డు ఖాళీగా ఉందని,
రేడియోలో పాట బాగుందని.
ఆ రోజు ఏ కంగారూ కంచె దాటలేదు.
అందుకే ఇక్కడ టీ తాగుతున్నాను.

చేతులెత్తమన్నారు.
నా చెయ్యి చెవిదాకా వెళ్లి అక్కడ ఆగింది.
గోక్కుంటున్నాననుకున్నాడు లెస్.

ఇంటికి పోతుంటే రాత్రి పది.
బడి ముందు ఎవరూ లేరు.
నలభై దీపాలు ఆరిపోయి ఉన్నాయి, అరవై పోవచ్చు.
నా పాత కారుకు కన్ను లేదు, గొంతు లేదు,
ఏమీ అనలేదు.
ముల్లు వణుకుతూ ముప్పై ఎనిమిది దగ్గర నిలబడింది.
దాన్ని అక్కడ పట్టుకున్నది నా పాదమో,
ఇంట్లో తలుపు వెనక ఆనించి ఉన్న
నోలీన్ కర్రో.